ముకుతాడు పట్టిన మనిషి

ఎద్దుకు బాగైపోయింది. ఆ సంగతి ముందే చెప్పేసుకుంటే మంచిది, ఎందుకంటే ఈ గొడవంతటిలో నిక్షేపంగా బయటపడింది అదొక్కటే. గుర్విరెడ్డి బండలాగుడు ఎద్దు అది. జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా ఏ తిరునాళ్ళలో పోటీ పెట్టినా మొదటి బహుమతి దానిదే. అలాంటి ఎద్దుకు కుడికంటి కింద రేగుపండంత గడ్డ లేచింది. ఆరు నెలలు తిరిగేసరికి అది నిమ్మకాయంతై, పగిలి, చీము కారి, ఈగలు ముసిరేదాకా వచ్చింది. కటికవాళ్ళకు అమ్మేయమన్నారు చూసినవాళ్ళంతా. గుర్విరెడ్డి ఒప్పుకోలేదు. ప్రొద్దుటూరులో అనంతపద్మనాభం డాక్టరు దగ్గరికి తోలించాడు.

అనంతపద్మనాభం పశువైద్య కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరై వచ్చిన మనిషి. ఊరి బయట జమ్మలమడుగు రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకుని, ఎవరూ చేయని వైద్యం ఒకటి చేసేవాడు. ఆయన దగ్గర ఒక మిషను ఉంది, ట్రంకుపెట్టె అంత. దానికి ఒక వైరు, వైరు కొసన రెండు వరసల సూదులు. గడ్డకు మందు ఎక్కించి, కాసేపాగి, ఆ సూదులు గుచ్చి కరెంటు తట్టిస్తాడు. తట్టడమంటే కనురెప్ప వేసేలోపు అయిపోయేంత. ఎనిమిది తట్లు, అంతే.

షెడ్డులో ఉన్న పనివాడు ఒక్కడే, పాలయ్య. రాజుపాలెం దగ్గర పల్లె అతనిది. యాభై దాటిన మనిషి. పశువును కట్టెయ్యడం, సూదులు మరగబెట్టడం, పుస్తకం రాయడం అన్నీ అతనే. రైతులు బిక్కమొహం వేసుకుని నిలబడితే వాళ్ళకు అర్థమయ్యేట్టు చెప్పే పని కూడా అతనిదే.

"గడ్డలో ఉండే కణాలు శానా మొండివప్పా. వాకిండ్లు ఏసుకోని కూచ్చుంటాయి. మందు ఎంత పోసినా బయట్నే నిలబడతాది. ఈ కరెంటు తట్టిందనుకో, టక్కున వాకిండ్లు తెరుచుకుంటాయి. మందు లోపలికి దూరుతాది. మళ్లా వాకిండ్లు పడతాయి. ఇంగ యాడికి పోతాది అది? లోపల్నే సస్తాది."

ఈ మాటలు డాక్టరు అతనికి నేర్పినవే. పాలయ్య నోట పడేసరికి వాటికి రుచి వచ్చింది.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. మందు ఎక్కించిన నిమిషం, కరెంటు తట్టిన నిమిషం, రెండూ గడియారం చూసి పుస్తకంలో రాయాలి. ముందు తట్టినా దండగే, ఆలస్యమైనా దండగే. ఆ రెండు గళ్ళ పక్కన ఇంకో గడి ఉంది: ముకుతాడు పట్టినవారు. మొదట్లో ఒకసారి ఎవడో దారినపోయేవాణ్ణి పిలిచి బర్రెను పట్టుకోమన్నారు. కరెంటు తట్టగానే అది ఒక్క ఎగురు ఎగిరింది, వాడు తాడు వదిలేశాడు, సూదులు విరిగి గడ్డలోనే ఉండిపోయాయి. అప్పటినుంచి పశువుకు మచ్చికైన మనిషే తాడు పట్టాలనీ, అతని పేరు రాయాలనీ డాక్టరు కట్టడి చేశాడు. పాలయ్య పేర్లు గుండ్రంగా, పూసలు గుచ్చినట్టు రాసేవాడు. ఆ రాతకు ముచ్చటపడే డాక్టరు అతన్ని పనిలో పెట్టుకున్నాడు.

ఆ రాత నేర్పింది ఆనందయ్య. పల్లె బడిలో ముప్పైయేళ్ళు పనిచేసిన అయ్యవారు. పాలయ్య ఇరవయ్యేళ్ళ వయసులో, గోడలు కట్టే బేల్దారి పనికి పోతూ వేలిముద్ర వేస్తుంటే చూసి, "సిగ్గులేదంట్రా నీకు, ఇంత మనిషివి" అని తిట్టి, సాయంత్రాలు చర్చి అరుగు మీద కూర్చోబెట్టి పలక పట్టించాడు. చేతిమీద చెయ్యి వేసి దిద్దించాడు. పాలయ్య ఆ తిట్టును కూడా ప్రేమగానే తలుచుకునేవాడు.

ఇక పాలయ్య కష్టం. అతని భార్య రత్నమ్మకు ఎడమ రొమ్ములో క్యాన్సరు వస్తే మూడేళ్ళ కింద తీసేశారు. రెండేళ్ళు బాగానే ఉంది. తర్వాత ఆ కుట్టు మచ్చ మీదే గడ్డలు లేచాయి, ఒకటి, మూడు, ఏడు. అవి పగిలాయి. రోజుకు నాలుగు గుడ్డలు మార్చినా వాసన ఆగలేదు. కర్నూలులో చూపించారు, తిరుపతిలో చూపించారు. ఇంక ఇంటికాడ బాగా చూసుకోండి అన్నారు. ఆ మాటకు అర్థం ఏమిటో రత్నమ్మకు తెలుసు.

ఆదివారం చర్చిలో చాప మీద ఆమె కూర్చుంటే చుట్టూ ఉన్న ఆడవాళ్ళు మెల్లగా జరిగేవాళ్ళు. ఎవరూ నోరు తెరిచి ఏమీ అనరు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గాలి ఆడలేదన్నట్టు విసురుకుని, కిటికీ దగ్గరికి పోతారు. ఆనందయ్య భార్య నరసమ్మ ఒక్కతే వచ్చి భుజం భుజం తగిలేట్టు ఆమె పక్కన కూర్చునేది. పాటల పుస్తకం ఇద్దరి మధ్య పెట్టుకుని పాడేది. మగవాళ్ళ వైపు నుంచి అది చూసిన ప్రతిసారీ పాలయ్య కళ్ళు చెమర్చేవి.

రత్నమ్మ ఒకసారి షెడ్డుకు వచ్చి, కట్టేసిన ఎద్దును చూసింది. అప్పటికి దానికి ఒక విడత అయింది. గడ్డ నల్లగా మాడి, పక్కు కట్టి, అంచుల్లో ఊడుతోంది.

"సార్, ఎద్దుకు చేసినారే, నాకెందుకు చేయరు?" అని అడిగింది డాక్టర్ని.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నేను పశువుల డాక్టర్నమ్మా. నీమీద చెయ్యేస్తే జైల్లో వేస్తారు. జైలుదేముంది, నీ ప్రాణానికి ఏదైనా అయితే? మనుషులకు చేసేవాళ్ళు వేరే ఉన్నారు."

ఉన్నారు, నిజమే. హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రిలో ఇదే వైద్యం మనుషుల మీద పరీక్షగా చేస్తున్నారు. డాక్టరు ఉత్తరం రాశాడు. జవాబు వచ్చింది. ఇరవైమందినే తీసుకుంటాం, లిస్టు నిండిపోయింది, వచ్చే ఏడాది చూద్దాం. వచ్చే ఏడాదట! రత్నమ్మకు వచ్చే నెల ఉందో లేదో ఎవరికి తెలుసు?

పాలయ్య సిగ్గు విడిచి గుర్విరెడ్డి కాళ్ళు పట్టుకున్నాడు. ఎద్దును చూసుకోవడానికి ఆయన జీపులో వచ్చినప్పుడు.

"రెడ్డీ, మంత్రి మీ మాట ఇంటాడంట. ఒక్క మాట చెప్పండి. లిస్టులో మా ఆడమనిషి పేరు ఎక్కిస్తే సచ్చి మీ కడుపున పుడతా."

"సూద్దాంలేప్పా, ఎలక్షన్లు కానీ," అన్నాడు గుర్విరెడ్డి, ఎద్దు మెడ నిమురుతూ.

ఎలక్షన్లు అయ్యాయి. ఆ ఏడు పంచాయతీ ఎలక్షన్లంటే ఎలా జరిగాయో ఆ మండలాల్లో వాళ్ళకు చెప్పనక్కర్లేదు. గుర్విరెడ్డి కొడుకు శేషారెడ్డి మనుషుల్ని వేసుకుని పోలింగ్ బూతుల్లోకి దూరి ఓట్లు గుద్దుకుంటూ పోయాడు. ఆనందయ్య రిటైరయ్యాక అవతలి పార్టీకి ఏజెంటుగా కూర్చున్నాడు. అందరూ లేచిపోయినా ఆయన లేవలేదు. "ఓట్లు నువ్వేస్తే నేనెందుకు అబ్బీ ఈడ కూచ్చునేది?" అని అడిగి, కలెక్టరుకు కాగితం రాసి పంపాడు. ఆ కాగితం మీద రీపోలింగ్ జరిగింది. శేషారెడ్డి నిలబెట్టిన మనిషి ఓడిపోయాడు.

అది జరిగిన తొమ్మిదో రోజు, బుధవారం, ఎద్దుకు రెండో విడత. దాన్ని తోలుకొచ్చింది ఖాజా, గుర్విరెడ్డి ఇంట్లో పశువుల్ని చూసుకునేవాడు. ఖాజా గొంతు వింటే తప్ప ఆ ఎద్దు మేత ముట్టదు. పది నలభై రెండుకు మందు ఎక్కించారు. పది యాభైకి కరెంటు తట్టించారు. ఎనిమిది తట్లకూ ఎద్దు ఒళ్ళంతా జలదరించింది, ఖాజా దాని చెవిలో ఏదో చెబుతూ ముకుతాడు బిగబట్టి నిలబడ్డాడు. పాలయ్య నిమిషాలు రాశాడు. పేరు రాయబోతుంటే ఫోను మోగింది. రత్నమ్మకు గడ్డ పగిలి రక్తం ధార కడుతోందని పక్కింటివాళ్ళ ఫోను. పెన్ను పుస్తకంలోనే పెట్టి మూసేసి పరుగెత్తాడు.

ఆటో రాజుపాలెం దారిలో సగం పోయాక ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా జనం. పాలయ్య దిగి తోసుకుంటూ పోయాడు. స్కూటరు పడి ఉంది. ఒక చెప్పు పడి ఉంది. దుమ్ములో నరసమ్మ కూర్చుని ఉంది, ఆనందయ్య తల ఆమె ఒళ్ళో ఉంది. ఆ మనిషి కుడిచెయ్యి ఉండవలసిన చోట లేదు. పాలయ్య ఆమె పక్కన గొంతుకూర్చున్నాడు.

నరసమ్మ అతని చెయ్యి పట్టుకుంది. ఏడవలేదు.

"పాలయ్యా, గుర్విరెడ్డి కొడుకే. ముగ్గురు పట్టుకుంటే వాడే నరికినాడు. నేను స్కూటరు ఎనకాల్నే ఉన్న్యా. నా కండ్లతో సూసినా."

"అక్కా... రత్నమ్మకు రక్తం పోతాంది. నేను పోవాల," అన్నాడు పాలయ్య.

"పో. ఆయమ్మనన్నా కాపాడుకో," అంది నరసమ్మ, చెయ్యి వదిలేసింది.

రక్తం ఆగింది. రత్నమ్మ బతికింది, అయితే మంచంలోనే. పాలయ్య అయ్యవారి మట్టికి పోయి వచ్చి మూడోరోజు షెడ్డు తెరిచాడు. పొద్దున్నే జీపు వచ్చి ఆగింది. గుర్విరెడ్డి ఒక్కడే దిగాడు. డాక్టరు ఇంకా రాలేదు. రాడని తెలుసుకునే ఆ వేళకు వచ్చి ఉంటాడు.

"పుస్తకం ఓసారి ఇయ్యప్పా, సూద్దాం."

పాలయ్య తీసి ఇచ్చాడు. గుర్విరెడ్డి వేలితో గీత వెంబడి పోయాడు. తేదీ, ఎద్దు, గడ్డ కొలత, పది నలభై రెండు, పది యాభై. చివరి గడి దగ్గర వేలు ఆగింది.

"ఈడ ఖాళీగా ఉందే?"

"ఇంటికాడ్నించి ఫోనొస్తే పోయినా రెడ్డీ. ఖాజా పేరు రాయాల."

"ఖాజా లేడప్పా. తొండూరు పక్క మా బామ్మర్ది అరటితోట్లోకి పంపించినా. ఇంగ ఆడనే ఉంటాడు." గుర్విరెడ్డి బెంచీ మీద కూర్చున్నాడు. గొంతు పెంచలేదు. "మావోడు ఆపొద్దు ఎద్దును పట్టుకోని ఈడనే ఉన్న్యాడు. పది నలభై, పది యాభై. రోడ్డుమీద పని జరిగింది కూడా ఆ టయానికే అంట గదా. నువ్వు దిద్దేది లేదు, కొట్టేసేది లేదు. ఖాళీగా ఉండేదాంట్లో ఒక పేరు రాయాల, అంతే."

పాలయ్య పుస్తకం వెనక్కి తీసుకున్నాడు.

"రెడ్డీ, ఆనందయ్య అయ్యోరు నాకు..."

"నాకు తెలుసులేప్పా. మంచోడే. నేను బాధపడ్లేదనుకున్యావా?" అని జేబులోంచి సెల్‌ఫోను తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. "మొన్న మీ ఆడమనిషి సంగతి అడిగినావే. మంత్రి పియ్యేతో మాట్లాడినా. లిస్టులో ఒకడు సచ్చిపోయినాడంట, జాగా ఉంది. ఈపొద్దు సాయంత్రం లోపల పేరు చెప్పాలంట. చెప్పేదా? వద్దంటే వద్దని చెప్పు."

బెదిరించి ఉంటే బాగుండేది. కత్తి చూపించి ఉంటే, భయపడి రాశానని ఎప్పటికైనా చెప్పుకోగలిగేవాడు. ఆ మనిషి అట్లా చేయలేదు. ఫోను పట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

పాలయ్య ఆలోచించాడు. అయ్యవారు ఎలాగూ తిరిగి రాడు అనుకున్నాడు. నేను రాయకపోతే ఇంకొకడు ఇంకోచోట రాస్తాడు అనుకున్నాడు. మంచంలో గుడ్డ కిందికి చూసుకోవడానికి భయపడే రత్నమ్మను అనుకున్నాడు. అన్నీ నిజాలే, అదే దరిద్రం. పెన్ను ఇంకా పుస్తకం మధ్యలోనే ఉంది. తీశాడు. గుండ్రంగా, పూసలు గుచ్చినట్టు రాశాడు: శేషారెడ్డి.

"రత్నమ్మ, భర్త పాలయ్య. రాసుకోండి," అన్నాడు గుర్విరెడ్డి ఫోనులో.

శనివారం డాక్టరు వారం పుస్తకం చూసి సంతకం పెట్టే రోజు. ఆ గీత దగ్గర ఆయన చూపు ఆగింది.

"ఆ రోజు పట్టుకున్నది ఖాజా కాదూ?"

పాలయ్య మరిగిన సూదులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. డాక్టరు అతని మొహం వైపు చూశాడు. తర్వాత రోడ్డు వైపు చూశాడు. సంతకం పెట్టి పుస్తకం మూసి, ఆ పూట టీ కూడా తాగకుండా ఇంటికి పోయాడు.

రత్నమ్మ హైదరాబాదు పోయింది. ఎద్దుకు చేసినట్టే చేశారు, కాకపోతే ఆమెకు మత్తిచ్చి. మందు నరంలోకి ఎక్కించి, కాసేపాగి, గడ్డ గడ్డకూ సూదులు ఆనించి తట్టించారు. ఊపిరి బిగబట్టి మూడు వారాలు చూశారు ఇద్దరూ. గడ్డలు నల్లబడ్డాయి. పక్కులు కట్టాయి. ఒక్కొక్కటే ఊడి పడుతుంటే కింద లేత చర్మం గులాబీరంగులో కనిపించింది. రెండు నెలలకు ఇంకోసారి చేశారు. జబ్బు లోపల వేరేచోట తలెత్తదని చెప్పలేమని అక్కడి డాక్టరు ముందే అన్నాడు. అయినా పుండు మానింది. వాసన పోయింది. రత్నమ్మ లేచి పొయ్యి వెలిగించింది, సంగటి కెలికింది. "ఎద్దుకూ నాకూ ఒకే మందు పడింది సూడు," అని నవ్వింది. ఆ నవ్వు వినడానికే కదా అంతా, అనుకున్నాడు పాలయ్య. కడుపునిండా తినలేకపోయాడు.

నరసమ్మ తెల్లచీరలో వచ్చి రత్నమ్మ మచ్చను తడిమి చూసి, "దేవుడు ఒకరినన్నా మిగిల్చినాడు" అనేది. పాలయ్య చెంబు పట్టుకుని పెరట్లోకి పోయేవాడు. రత్నమ్మకు అతను ఏమీ చెప్పలేదు. గుర్విరెడ్డి మంచోడు, అడిగితే పేరు ఎక్కించినాడు, అంతే చెప్పాడు.

కేసు పద్నాలుగు నెలలకు కోర్టులో విచారణకు వచ్చింది. డాక్టర్ని పిలిచారు. "నేను సూదులు గుచ్చేటప్పుడు గడ్డనే చూస్తానండీ, మనుషుల్ని చూడను. పుస్తకంలో ఏముంటే అదే," అన్నాడాయన తల వంచుకుని. పాలయ్యను పిలిచారు. బైబిలు మీద చెయ్యి పెట్టించారు. రాసింది నేనే, అప్పటికప్పుడు గడియారం చూసి రాసినా అన్నాడు. ఖాజాను ఎవరూ పిలవలేదు. ఆ పేరే ఎక్కడా లేదు కాబట్టి పిలవడానికి కూడా దారి లేదు.

చివరికి నరసమ్మ. శేషారెడ్డి ప్లీడరు పుస్తకం తెరిచి ఆమె ముందు పెట్టాడు.

"చదవడం వచ్చు కదమ్మా? నువ్వు చెప్పే టైముకు ఈ అబ్బాయి ప్రొద్దుటూరులో ఎద్దును పట్టుకుని ఉన్నాడు. చూడు."

నరసమ్మ పుస్తకం మీదికి వంగింది. చాలాసేపు తల ఎత్తలేదు. చదవడానికి అంతసేపు అక్కర్లేదు, ఉన్నది ఒక గీతే.

"ఈ రాత మా ఆయనది," అంది.

ప్లీడరు నవ్వాడు. "మీ ఆయనే వచ్చి రాశాడా, చనిపోయిన పూట?"

"రాసింది పాలయ్యే. చెయ్యి పట్టుకోని నేర్పించింది మా ఆయన. చర్చి అరుగు మీదనే." ఆమె పాలయ్య వైపు చూడలేదు. "ఇంగ నేను చెప్పేది ఏమీ లేదు సామీ."

ఆ శుక్రవారం కేసు కొట్టేశారు. సాయంత్రం గుర్విరెడ్డి ఊళ్ళో టపాకాయలు కాల్చారు. ఎద్దు కొమ్ములకు రంగు పూసి ఊరేగించారు.

ఆదివారం రత్నమ్మ కొత్త చీర కట్టుకుని చర్చికి వచ్చింది. ఆడవాళ్ళు ఇప్పుడు జరగడం లేదు. ఒకరు పిలిచి పక్కన చోటిచ్చారు, ఇంకొకరు "మొకంలో కళ వచ్చింది గదమ్మా" అన్నారు. రత్నమ్మ మాత్రం వాళ్ళను దాటుకుని వచ్చి, ఎప్పటిలాగే నరసమ్మ పక్కన భుజం తగిలేట్టు కూర్చుంది. పాటల పుస్తకం తెరిచి మధ్యలో పెట్టింది.

నరసమ్మ లేచింది. కాలితో ఏదో తొక్కినట్టు చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని, చాపలన్నీ దాటి, కిటికీ దగ్గరికి పోయి కూర్చుంది. రత్నమ్మ పుస్తకం ఒళ్ళోకి లాక్కుంది. మగవాళ్ళ వైపు నుంచి పాలయ్య అంతా చూశాడు.

ఇంటికి పోయే దారిలో ఎండ మాడుస్తోంది. రత్నమ్మ దారి పక్క జాలారి చెట్ల నీడన ఆగి, పైట కొద్దిగా ఎత్తి వాసన చూసుకుంది.

"ఏమయ్యో, నిజం చెప్పు. నా కాడ ఇంకా వాసన వస్తాందా?"

"నీ కాడ కాదు మే," అన్నాడు పాలయ్య.

రత్నమ్మ అతని మొహంలోకి చూసింది. కోర్టు సంగతి ఆమె చెవిన కూడా ముక్కలు ముక్కలుగా పడే ఉంది. అడగడానికే భయపడి ఉంటుంది ఇన్నాళ్ళూ.

"ఆపొద్దు ఎద్దు ముకుతాడు పట్టుకుండింది ఎవురు?"

పాలయ్య చెట్టు మొదట్లో చెయ్యి ఆనించాడు.

"ఖాజా," అన్నాడు.

ఆ గడి నింపాక ఆ పేరు అతను బయటికి అనడం అదే మొదటిసారి. వినడానికి అక్కడ జడ్జీ లేడు, ప్లీడరు లేడు, ఎండలో నిలబడ్డ రత్నమ్మ తప్ప ఎవరూ లేరు. ఆమె చెయ్యి దానంతటదే రొమ్ము మీది మచ్చ దగ్గరికి పోయి అక్కడే ఉండిపోయింది. కాసేపటికి వెనక్కి తిరిగి, నరసమ్మ ఇల్లున్న వీధి వైపు నడవడం మొదలుపెట్టింది.